కింది రెండు లైన్లు

నాకొక జబ్బుంది. ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే ఆగలేను. ఆ మాట నేనే అందించేస్తాను. కూరగాయల బండి దగ్గరైనా, బ్యాంకులో అయినా, ఫోన్లో మా చెల్లెలితో అయినా అంతే. "నన్నొక వాక్యం పూర్తి చేయనిచ్చి ఎన్నేళ్లయిందో" అని మా ఆయన మూలుగుతుంటారు. చిక్కడపల్లి సందులో ఒక సర్కారు ప్రాథమిక బడిలో ఇరవై ఏడేళ్లు పాఠాలు చెప్తే అంటుకున్న జబ్బు ఇది. పిల్లవాడు చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగుతాడు. మేం మొదటి అక్షరం అందిస్తాం. వాడు దాన్ని పట్టుకుని మిగతాది ఊహించి అనేస్తాడు. "శభాష్, కూర్చో" అంటాం. వాడికీ సంతోషం, మాకూ సంతోషం.

అలాంటి నన్ను పిలిచి, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు "అందించకండి" అని నేర్పమన్నారు.

దసరా సెలవులు అయిపోయిన వారమది. మా చుట్టుపక్కల బడులకు కొత్తగా నలభై మంది టీచర్లు వచ్చారు. పిల్లలకు చదువు నేర్పడంలో జిల్లా పద్ధతి ఏమిటో వాళ్లకు పరిచయం చేయాలి. మూడు రోజుల శిక్షణ మా బడిలోనే, చెప్పేది నేను. పైవాళ్లకు నా మీద ఎంత గౌరవమో అని పొంగిపోయాను. మా హెడ్మాస్టరు గారు మాత్రం "మన బడిల ఫ్యాన్లన్నీ తిరుగుతయి మేడం, అందుకే ఇక్కడ పెట్టిన్రు" అన్నారు. ఆ మాట పట్టించుకోకుండా సుల్తాన్ బజార్ వెళ్లి కొత్త చీర కొనుక్కున్నాను.

వచ్చినవాళ్లలో సగం మంది అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏళ్లకేళ్లు ఉండి పరీక్షలు రాసినవాళ్లే. ఒక మంచం పట్టే గది, గోడ నిండా అంటించిన నోట్సు కాగితాలు, మెస్సు భోజనం, లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే క్యూ. అలా గడిపి గడిపి ఉద్యోగం సంపాదించారు. వాళ్లకు తెలియని సంగతి లేదు, కాకపోతే ప్రతిదీ నాలుగు జవాబుల్లోనే తెలుసు. "పిల్లలు చదవడం ఎట్ల నేర్చుకుంటరు?" అని నేను మొదటి రోజు అడిగితే, వెనక నుంచి ఒకమ్మాయి "ఆప్షన్స్ ఉంటయా మేడం?" అంది. అందరం నవ్వాం. నాకు వాళ్లంతా అప్పుడే నచ్చారు.

జిల్లా పద్ధతి చెప్పడానికి తేలికే. తరగతిని చూడొద్దు, పిల్లను చూడాలి. రోజూ పొద్దున గంటన్నర సేపు ఎవరు ఏ తరగతో మర్చిపోవాలి. అక్షరాలు వచ్చినవాళ్లు ఒక గుంపు, మాటలు చదివేవాళ్లు ఒక గుంపు, పేరా చదివేవాళ్లు ఒకటి, కథ చదివేవాళ్లు ఒకటి. అలా కూర్చోబెట్టి ఎవరికి కావలసింది వాళ్లకు చెప్పాలి. ఏ పిల్ల ఏ గుంపో తేల్చడానికి ఒక కాగితం ఉంటుంది. దానికి ఒక వైపు అక్షరాలు, మాటలు, పేరా. రెండో వైపు ఎనిమిది లైన్ల కథ. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. పిల్ల ఆగితే టీచరు నోరు మెదపకూడదు. మనసులో పది లెక్కపెట్టాలి. అన్నిటికంటే కష్టమైంది అదేనని నేను గట్టిగా చెప్పాను. నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మా గోడ మీద పెద్ద చార్టు ఉంది. గుంపుకొక గడి, పిల్లకొక చీటీ, తరగతిని బట్టి దాని రంగు, మీద పేరు. మా ఐదో తరగతి చీటీలన్నీ 'కథ' గడిలోనే ఉండేవి. మూడో రోజు జిల్లా ఆఫీసరు గారు చూడడానికి వస్తారని తెలిసి ఆ చార్టుకు చుట్టూ జరీ కాగితం కూడా అంటించాను. ఐదో తరగతి మా బడికి ఆఖరు. ఏప్రిల్ కాగానే పిల్లలు నారాయణగూడ హైస్కూలుకు వెళ్లిపోతారు. అక్కడ సైన్సు, సోషలు, ఆరు పీరియడ్లు. కూర్చోబెట్టి అక్షరాలు నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. అందుకే ఆ గడి నిండుగా ఉంటే నాకంత నిబ్బరం.

రెండో రోజు ఆ కాగితం ఎలా చదివించాలో చేసి చూపించాలి. అందుకు మా ఐదో తరగతిలో ఒక పాపను పిలిచాను. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. అమ్మానాన్నలు ఇళ్లు కట్టే పనికి వచ్చి బస్తీలో కిరాయికి ఉంటున్నారు. పాప మూడో తరగతిలో మా దగ్గర చేరింది. బడికి ఎవరొచ్చినా నేను ఆ పాపతోనే చదివిస్తాను. అంత చక్కని గొంతు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వి చదువుతుంది.

చదివించే టీచరుగా ఎవరిని పిలవాలో నేను ముందు రోజే అనుకున్నాను. కిటికీ పక్కన నల్లగొండ వైపు అబ్బాయి ఒకడు, సంచీ ఒళ్లో పెట్టుకుని, అందులో కరెంట్ అఫైర్స్ పుస్తకం తెరుచుకుని మొదటి రోజు నుంచీ దొంగచూపులు చూస్తున్నాడు. ఇంకా పెద్ద ఉద్యోగానికి చదువుతున్నాడన్నమాట. నాకు ఒళ్లు మండింది.

"ఏం బాబూ, మా చదువు చాల్తలేదా నీకు? రా, ముందుకు రా" అన్నాను.

అందరూ నవ్వారు. అతను ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి చాప మీద పాప పక్కన కూర్చున్నాడు. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది, హెడ్మాస్టరు గారి మాట నిజమే. కాగితం ఎగిరిపోతుంటే అతను అరచేత్తో కింది వైపు అదిమి పట్టుకున్నాడు. పాప కథ మొదలుపెట్టింది. ఎక్కడా తడబడకుండా, ఆఖరి లైను దగ్గర చిన్నగా నవ్వుతూ ముగించింది. నలభై మందీ చప్పట్లు కొట్టారు. నేను కొత్త చీర కొంగు సర్దుకుని అందరి వైపూ చూశాను. ఒక్క ఆ అబ్బాయే చప్పట్లు కొట్టలేదు. కాగితం మీద నుంచి మెల్లిగా చెయ్యి తీసి దాని కిందికి చూస్తున్నాడు.

చాయ్ తాగేటప్పుడు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో సమోసా అలాగే ఉంది.

"మేడం, ఏమనుకోకుంటే ఒక మాట."

"చెప్పు."

"కాగితం ఎగురుతుంటే చెయ్యి అడ్డం పెట్టిన గద. కింది రెండు లైన్లు నా చెయ్యి కిందనే ఉండె."

"అయితే?"

"పాప అవి గూడ చదివింది మేడం."

నాకు అర్థమైంది. కానీ కానట్టు నిలబడ్డాను.

"ఈ కాగితం ఎన్ని రోజుల సంది వాడుతున్రు మేడం?"

"మూడేళ్లు."

"పిల్లలు లైన్ల నిలబడి ఒకరెనుక ఒకరు చదువుతరు గద. ఎనుకున్నోళ్లకు అంతా ఇనబడ్తది." అతను గొంతు తగ్గించాడు. "పేపర్ లీకైంది మేడం."

అశోక్‌నగర్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ మాట సరదాకు అనరు. ఆ మాట వింటే వాళ్లకు పరీక్షలు రద్దయి వృథాగా పోయిన ఏళ్లు గుర్తొస్తాయి. అతను కూడా నవ్వలేదు. నాకు మాత్రం తల తిరిగేంత కోపం వచ్చింది. చేరి నెల కాలేదు, నా క్లాసు పిల్ల గురించి నాకు చెప్తాడా?

"ఆ పాప పుస్తకం మొత్తం చదువుతది. ఏ పాఠమన్న తీసి చూపెట్టు పో" అన్నాను.

"చదువుతదేమో మేడం. నేనే తప్పు కావొచ్చు. ఇంకో కాగితం పెట్టి చూస్తే అయిపోతది గద" అన్నాడు, ఎంత నెమ్మదిగానంటే నాకు కోపం నిలబెట్టుకోవడం కూడా కష్టమైంది.

అతని సంచీలో కోచింగ్ సెంటర్ల కరపత్రాలు బోలెడున్నాయి. అశోక్‌నగర్‌లో నాలుగడుగులు నడిస్తే నాలుగు చేతిలో పెడతారు. ఒకదాని వెనక్కి తిప్పి, గోడకు ఆనించి, పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు లైన్లు రాశాడు. గోడ మీది పోస్టరు తిన్న మేక కథ. పాపను వెనక మెట్ల మీదికి పిలిచాం. నవ్వుతూ వచ్చి, కాగితం తీసుకుని, గొంతు సవరించుకుంది.

తర్వాత ఏమీ వినిపించలేదు.

నా నాలుక దురద పెట్టింది. 'మే' అని ఒక్క అక్షరం అందిస్తే చాలు, మేక వచ్చేస్తుంది. నోరు తెరిచాను కూడా. ఆ అబ్బాయి నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపాడు. నిన్న నేను నేర్పిన పద్ధతే. పది అయింది. ఇంకో పది అయింది. పాప ముఖంలో నవ్వు పోయింది. కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"ఇంటే వస్తది టీచర్. చూస్తే రాదు" అంది.

"మరి పుస్తకం చదువుతవ్ గద బిడ్డా?"

"నువ్వు చదువుతవ్ గద, ఇంటా. నా దోస్తు చదివితే ఇంటా. నన్ను లేపినప్పుడు నువ్వు మొదటి అక్షరం చెప్తవ్ గద టీచర్, అప్పుడు మొత్తం యాదికొస్తది." మడిచిన కాగితం నా చేతిలో పెట్టి, "మా అమ్మకు చెప్పకు. నాకు చదువొస్తదని మా అమ్మ అందరికీ చెప్పుకుంది" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్లు ఆ పాప నా కళ్ల ముందే కూర్చుంది. ఆ గొంతు విని మురిసిపోయానే తప్ప, కళ్లు ఎటు చూస్తున్నాయో నేను ఒక్కసారీ చూడలేదు. విన్నదంతా గుర్తు పెట్టుకుని నెట్టుకురావడానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏప్రిల్‌కు ఆరు నెలలుంది. ఆ తర్వాత హైస్కూలు.

ఆ సాయంత్రం బర్కత్‌పురలో మా ఇంటి దాకా నడిచే వెళ్లాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రేపు ఆఫీసరు గారు వచ్చి వెళ్లాక చీటీ జరపొచ్చు కదా. ఒక్క రోజులో మునిగిపోయేదేముంది? ఈ లెక్క నాకు చాలా సబబుగా కనిపించింది. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నిలబడి ఇంకా సబబుగా చేసుకున్నాను. ఇంట్లో మా ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన ఏదో అనబోయి ఆగారు, తగిన మాట దొరకలేదు. అలవాటుగా నేనే అందించాను: "సిగ్గులేదా అంటారు, అంతేగా?" "నేను అన్నం పెట్టమందామనుకున్నా" అన్నారాయన.

మూడో రోజు పొద్దున అందరికంటే ముందు బడికి వెళ్లాను. పాప కూడా త్వరగానే వస్తుంది, వాళ్లమ్మ పనికి పోతూ దింపి పోతుంది. ఇద్దరం చార్టు ముందు నిలబడ్డాం.

"నీ చీటీ జరపాలె బిడ్డా. నువ్వు సరే అంటేనే" అన్నాను.

పాప చాలాసేపు చూసింది. "మళ్ల ఈడికి తెస్తవా?"

"నువ్వే తెచ్చుకుంటవ్. నేను ముట్ట."

వేలితో గీరి తనే ఊడదీసింది. 'కథ' గడిలో నుంచి 'అక్షరం' గడిలోకి తనే అంటించింది. అక్కడ రెండో తరగతి పిల్లల చీటీలున్నాయి.

శిక్షణ మొదలవగానే కొత్త టీచర్లకు సంగతి చెప్పేశాను. పాప పేరు చెప్పలేదు. "ఈ చార్టుల ఒక చీటీ తప్పు గడిల ఉండె. పెట్టింది నేనే. అందించీ అందించీ పెట్టిన. మీకు రెండు రోజులు ఏది చేయొద్దని చెప్పిన్నో, నేను అదే చేసిన" అన్నాను. ఆప్షన్స్ అడిగిన అమ్మాయి లేచి, "అయితే కాగితాలు కొత్తవి రాద్దాం మేడం" అంది. అంతే, పరీక్షలు రాసీ రాసీ అరిగిపోయిన ఆ చేతులన్నీ పేపర్ సెట్ చేయడానికి కూర్చున్నాయి. మధ్యాహ్నానికి నలభై కథలు తయారయ్యాయి. వాటిని సెట్ ఎ, సెట్ బి, సెట్ సి, సెట్ డి అని విడదీసి, కవర్లలో పెట్టి, పిన్నులు కొట్టారు. పక్క పిల్ల చదివింది విని చదివే అవకాశమే లేదట. నా మూడు రోజుల పాఠంలో వాళ్లు నిజంగా హుషారుగా చేసిన పని అదొక్కటే.

ఆఫీసరు గారు వచ్చారు, చార్టు చూశారు. "ఐదో తరగతి పాప ఒకరు అక్షరాల దగ్గరున్నరేంది మేడం?" అన్నారు.

"నిన్ననే తెలిసింది సార్" అన్నాను.

ఆయన ఏదో రాసుకున్నారు, ఒక సమోసా తిన్నారు, వెళ్లిపోయారు. దీని కోసమా నేను చౌరస్తాలో నిలబడి అంతసేపు లెక్కలు వేసుకున్నది అనిపించింది.

పాప మొదటి వారం రెండో తరగతి పిల్లల మధ్య కూర్చుని మూతి ముడుచుకుని గోడ వైపు తిరిగింది. పుస్తకం ముట్టనంది. అప్పుడు పుస్తకం పక్కన పెట్టి, "నీకు తోచింది చెప్పు, నేను రాస్తా" అన్నాను. చెప్పింది. "మా అమ్మ నాలుగో అంతస్తుకు ఇటుకలు మోస్తది. లిఫ్టు పెట్టినంక మమ్మల్ని లోపటికి రానియ్యరు." ఒక్క అక్షరం మార్చకుండా అలాగే రాశాను. చదవమంటే గడగడా అప్పజెప్పింది, తను చెప్పిన మాటలే కదా. అప్పుడు కత్తెర తీసి మాట మాట విడిగా కత్తిరించి కలిపేశాను. "ఇప్పుడు అమ్మ ఎక్కడుందో వెతుకు" అన్నాను. వెతికింది. ఆ రోజు అమ్మ దొరికింది, ఇటుకలు దొరకలేదు. మర్నాడు ఇటుకలూ దొరికాయి.

నల్లగొండ అబ్బాయికి హైదర్‌గూడ వైపు బడి ఇచ్చారు. ఉండడం అశోక్‌నగర్‌లోనే, పెద్ద ఉద్యోగానికి చదువూ మానలేదు. శనివారం శనివారం మా బడి ముందు ఆగి ఒక కవరు ఇచ్చి పోయేవాడు. లోపల కొత్త కథ, కరపత్రం వెనకే. పైన 'పరీక్ష హాల్లో మాత్రమే విప్పవలెను' అని రాసి ఉండేది. నన్ను కూడా ముందు చూడనిచ్చేవాడు కాదు. "మీరు చూస్తే లీకైతది మేడం" అనేవాడు ముఖం మీదే. అది నిజమే కాబట్టి తిట్టలేకపోయాను. చలి తగ్గేసరికి పాప తన చీటీని 'మాట' గడిలో అంటించుకుంది. ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి 'పేరా'కు వచ్చింది. కొన్ని శనివారాలు కవరు విప్పి, రెండు లైన్లు చదివి, అలసిపోయి కాగితం పక్కన పడేసేది. అలాంటి రోజు నేను ఇంటికెళ్లి మా ఆయన మీద విసుక్కునేదాన్ని.

ఏప్రిల్‌లో ఆఖరి శనివారం అతను కవరు ఇచ్చి వెళ్లిపోలేదు. "నేను గూడ ఉంటా మేడం" అన్నాడు. ముగ్గురం అవే వెనక మెట్ల మీదికి వెళ్లాం. పాప పిన్నును పంటితో లాగింది, నేను అరిచినా వినలేదు. ఎనిమిది లైన్లు. వేలు కింద పెట్టుకుని మొదలుపెట్టింది. లైబ్రరీ కిటికీలో గూడు పెట్టిన పావురం కథ అది. ఆ చక్కని గొంతు లేదు. ఒక్కో మాటకూ ఆగుతూ, తప్పు చదివి, వెనక్కి వచ్చి, సరిచేసుకుంటూ చదువుతోంది. ఇంత వికారంగా ఆ పాప చదవడం నేనెప్పుడూ వినలేదు, అంత సంతోషమూ ఎప్పుడూ పడలేదు. ఆరో లైనులో ఒక పొడుగు మాట దగ్గర వేలు ఆగిపోయింది. పాప పెదవులు కదిలాయి, మాట రాలేదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

పాప తల ఎత్తలేదు. రెండో చెయ్యి మాత్రం నా వైపు చాపింది.

"చెప్పకు టీచర్. చూస్తున్న."

నోరు మూసుకున్నాను. పది దాటింది. పదిహేను దాటింది. గేటు బయట ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. పాప ఆ మాటను రెండు ముక్కలుగా చదివి, మళ్లీ కలిపి చదివి, కిందికి దిగింది. ఆ అబ్బాయి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కింది రెండు లైన్లలో పావురం ఏం చేసిందో నాకు పాప చదివితేనే తెలిసింది.